లేదు అని రాసిన చీటీ

నాకు ముక్కుమీదే కోపం. ఈ వయసులో కొంచెం చల్లారింది గానీ, కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో వెనక బెంచీల వాళ్లు నా చెప్పుల చప్పుడుకే సర్దుకుని కూర్చునేవాళ్లు. అలాంటివాణ్ణి ఏడాదికొక్క రోజు మాత్రం క్లాసులో మెత్తబడిపోయేవాణ్ణి. కంప్యూటరు లోపల కెర్నెల్ అనే పెద్ద గుమాస్తా ఫైళ్ల పేర్లను ఎలా చూసుకుంటుందో చెప్పే రోజది. పేరు వేరు, ఫైలు వేరు, పేరన్నది ఫైలున్న చోటికి దారి చూపే చీటీ అని మొదలుపెట్టేవాణ్ణి. ఒకసారి వెతికిన చీటీని కెర్నెల్ మళ్లీ మళ్లీ డిస్కు దాకా పోకుండా చేతికందే చోట ఉంచుకుంటుందని చెప్పేవాణ్ణి. వెతికితే దొరకని పేరుకు కూడా ‘లేదు’ అని ఒక చీటీ రాసి దాచుకుంటుంది అనే దగ్గరికి వచ్చేసరికి నా గొంతు మారిపోయేది. పిల్లలు మొహాలు చూసుకునేవాళ్లు.

ఏమైందో వాళ్లకెప్పుడూ చెప్పలేదు. కంప్యూటరు అనే మాట చెవిన పడకముందే, కడప ఊరిబయట ఫినాయిల్ వాసన కొట్టే ఒక ఆస్పత్రి గదిలో నేను ఆ పాఠం నేర్చుకున్నాను. ఒక మనిషి కొంప ముంచబోయి నేర్చుకున్నాను.

మాది కర్నూలు. అప్పుడే మా ఊరు కొత్త ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. ఖాళీ జాగా కనబడితే చాలు గుడారం వేసి అందులో ఒక ఆఫీసు పెట్టేవాళ్లు. ఇంత సర్కారు మా వాకిట్లోకి వచ్చి కూర్చుంటే నాకొక కుర్చీ దొరకదా అని మా నాయన ధీమా. దొరకలేదు. చివరికి తెలిసినవాళ్లెవరో చెబితే కడపలో, మిషన్ వాళ్ల ఆస్పత్రిలో గుమాస్తాగా చేరాను. అది పెద్దరోగం ఆస్పత్రి. కుష్ఠు అని పైకి అనడానికి కూడా జనం జంకేవాళ్లు, పెద్దరోగం అనేవాళ్లు. ఆ ఉద్యోగానికి మనుషులు రాకపోవడం వల్లే నాకొచ్చిందని నాకు తెలుసు. కొత్తగా పెళ్లయిన నా భార్య ఇంకా కర్నూల్లోనే ఉండేది. ఉద్యోగం ఎక్కడో మాత్రం ఆమెకు చెప్పాను, ఎలాంటి ఆస్పత్రో చెప్పలేదు. అదొక పిరికితనం.

నా పై అధికారి అంటే ఒక్క పెద్దాయనే. రోగుల కాగితాల గది మొత్తం ఆయనది. కడప సాయిబు, తెల్ల గడ్డం, ఇస్త్రీ మడత చెదరని జుబ్బా. ఎడమ చేతి రెండు వేళ్లు లోపలికి ముడుచుకుపోయి ఉండేవి. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. నన్ను “కర్నూలప్పా” అని పిలిచేవాడు. డబ్బుల్ని నేను నోరుజారి దుడ్లు అంటే చాలు, “ఇంగ కన్నడంలోనే మాట్లాడప్పా, నేర్చుకుంటా” అని ఎగతాళి చేసేవాడు. నేను ఆయన్ను సాబ్ అనేవాణ్ణి.

ఆ గది ఎలా నడిచేదో చెబితే గానీ నా ఘనకార్యం అర్థం కాదు. ఫైళ్లన్నీ నంబర్ల వరసలో కడప బండల మీద ఉండేవి. చెక్క అరలైతే చెదలు తినేస్తాయని నల్ల బండలనే గోడలోకి దిగేసి అరలు చేశారు. పేరు చెప్పుకుని వచ్చేవాళ్ల కోసం పక్కనే ఒక పాత బీరువా, దాన్నిండా చీటీలు. ఊరికొక అట్టముక్క, ఆ అట్టముక్కకు దారంతో గుచ్చిన మనుషుల చీటీలు. చీటీ మీద పేరు, ఫైలు నంబరు, అంతకు మించి ఏమీ ఉండదు. ఒకే ఫైలుకు రెండు చీటీలూ ఉండొచ్చు. ఎందుకంటే ఆ ఆస్పత్రికి వచ్చేవాళ్లలో సగంమంది గేటు దగ్గర అబద్ధం పేరు చెప్పేవాళ్లు. ఊళ్లో తెలిస్తే నీళ్లు పుట్టవని భయం. కొన్నాళ్లకు ధైర్యం వచ్చి సొంత పేరు చెబితే పెద్దాయన ఆ పేరుతో ఇంకో చీటీ రాసి, అదే నంబరు వేసేవాడు. ఫైలు ఒక్కటే, దారులు రెండు.

ఒక్కో ఫైలుకు ఎన్ని చీటీలున్నాయో తెలియడానికి నంబర్ల పుస్తకంలో ఆ నంబరు ఎదురుగా పెన్సిల్ గీతలు ఉండేవి. చీటీ పెడితే ఒక గీత గీయాలి, చీటీ తీసేస్తే ఒక గీత కొట్టేయాలి. ఒక్క గీత కూడా మిగలకపోతే ఆ ఫైలుకు దారే లేదన్నట్టు. అలాంటి వాటి నంబర్లు నెలకోసారి జాబితా రాసి తోటమాలికిస్తే, ఆ శనివారం పొద్దున వంటింటి వెనక గుంతలో కాల్చేసేవాడు. పాత కాగితాల కింద అమ్మేయొచ్చు కదా అని ఒకసారి అన్నాను. పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, “చక్కెర పొట్లం ఇప్పితే పక్కింటామె పేరు కనబడాల్నా?” అన్నాడు. మళ్లీ అనలేదు.

బీరువా తలుపు బిగుసుకుపోయి ఉండేది. తెరవాలంటే భుజం పెట్టి తొయ్యాలి, స్టూలెక్కాలి, దుమ్ము మింగాలి. అందుకని పెద్దాయన బల్ల మీద ఒక ట్రే పెట్టుకున్నాడు. ఎవరైనా అడిగిన చీటీని బీరువాలోంచి తీస్తే ఊరికే వెనక్కి పెట్టడు. దాని నకలు ట్రేలో ముందువైపు పెడతాడు. మళ్లీ అడిగితే మళ్లీ ముందుకొస్తుంది. ఎవరూ అడగనివి వెనక్కి జరిగి జరిగి, ట్రే నిండినప్పుడు బయటికి పోతాయి. అన్నిటికన్నా నాకు నచ్చింది ఇంకొకటి. బీరువా అంతా వెతికినా లేని పేరుకు కూడా ఆయన చీటీ రాసేవాడు. పేరు కింద ‘లేదు’ అని. అదే పేరు ఇంకొకరు అడిగితే ఈసారి స్టూలెక్కే పని ఉండదు. కూర్చున్న చోటినుంచే లేదు అనొచ్చు. అబ్బ, ఆ ఒక్క మాట అనడంలో ఎంత దర్జా ఉందో! గుమాస్తాగిరీ చేసినవాళ్లకే తెలుస్తుంది.

ఒక్క షరతు పెట్టాడు. “బీరువాలో కొత్త చీటీ పెట్టే ముందు ట్రే చూడు. ఆ పేరుతో లేదు చీటీ ఉంటే చింపెయ్. లేకుంటే ఉండేదాన్ని లేదంటావు.” నేను సరే సరే అన్నాను. ఇంత చిన్న విషయానికి ఇంత చెప్పాలా అని మనసులో విసుక్కున్నాను కూడా.

ఒకనాడు ధోవతి, ఉంగరాలు, కిర్రుచెప్పులతో ఊరి పెద్దమనిషిలా ఒక ఆసామి వచ్చాడు. కమలాపురం దగ్గరి ఒక ఊరి పేరు, ఒకామె పేరు చెప్పి, “ఈమె మీకాడ మందు తింటాందా?” అని అడిగాడు. పెద్దాయన బీరువా వెతికాడు. ఆ పేరు నిజంగానే లేదు. లేదు చీటీ రాసి ట్రేలో పెట్టాడు. ఆసామికి నమ్మకం కుదరలేదేమో, మరో రెండుసార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా ఆ చీటీ ముందుకొచ్చి కూర్చుంది.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఆ పేరుగల మనిషే వచ్చింది. అయిదేళ్లుగా వేరే పేరుతో మాత్రలు తింటున్న మనిషి. చెవితమ్మె గీరి గాజుపలక మీద చూస్తే వరసగా క్రిములేమీ కనబడలేదనీ, ఆఖరి పరీక్ష కూడా బాగుంటే మూడు వారాల తర్వాత నయమైందని కాగితం ఇస్తాననీ లేడీ డాక్టరమ్మ చెప్పిందట. ఆమె మా కిటికీ దగ్గరికి వచ్చి, నేల చూస్తూ, “కాయితం నా సొంత పేరుతో రాయండి సామీ. ఆ పేరు నాది కాదు” అంది. పెద్దాయన మొహం వెలిగిపోయింది. అలా అడిగినవాళ్లంటే ఆయనకు శానా ఇష్టం. కానీ ఆ రోజు ఆయనకు చలిజ్వరం, పళ్లు టకటకలాడుతున్నాయి. కొత్త చీటీ రాసి నా చేతికిచ్చి, “కొత్తది పెట్టు, గీత గియ్యి. ఆ తర్వాత పాతది తియ్యి, గీత కొట్టు. ముందు ఇది, తర్వాత అది” అని రెండుసార్లు చెప్పి ఇంటికి పోయాడు. ఆ జ్వరం టైఫాయిడ్‌గా తేలి మూడు వారాలు మంచం దిగలేదు.

నాకు ఆ సాయంత్రం కర్నూలు బస్సుంది. ఇంకో అరగంటలో పోతుంది. భార్యను చూసి నెల దాటింది. బీరువాకు భుజమేసి తోశాను, కొత్త చీటీ దారానికి గుచ్చాను, పాత చీటీ లాగేశాను. నంబర్ల పుస్తకంలో ఉన్న ఒక్క గీతా కొట్టేశాను. కొత్త గీత గీయలేదు. ట్రే చూడలేదు. లాగేసిన చీటీని కాల్చే డబ్బాలో వేయాలి, అది కూడా వేయకుండా సొరుగులో పడేసి బస్సుకు పరిగెత్తాను. ఒక్క పనిలో మూడు తప్పులు. బస్సు మాత్రం తప్పలేదు.

మూడు వారాలు గడిచాయి. గురువారం పొద్దున ఒక ముసలామె కిటికీకి అడ్డంగా నిలబడింది. నల్లటి మనిషి, మోచేతుల దాకా దుమ్ము, భుజం మీద రొట్టెల మూట.

“ఏమప్పా, కాయితాలిచ్చేది ఈడేనా?”

“ఏం కాగితం?”

“నా కోడలికి బాగయిందని రాసిచ్చేది. డాక్టరమ్మ రమ్మన్నెదంట.”

“ఆమే రావాలి గదమ్మా.”

“యాడొస్తాది? బండెక్కితే దాని చేతులు చూసి జనం దింపేస్తాండారు. పోయినసారి నడిచొచ్చి నడిచి పోయినాది, కాలు పుండయ్యింది. అందుకని నేనొచ్చినా.” నేను ఏమీ అడక్కుండానే చెప్పుకుంటూ పోయింది. “సోమవారం మా ఊరి పెద్దమనుషులు కూచుంటారు. కాయితం చూపిస్తే ఇంట్లోకి రానిస్తారంట. లేకుంటే చేన్లో గుడిసె గూడా పీకేసి ఊరిడిసి పొమ్మంటారంట. దానికి ఆరేండ్ల బిడ్డ ఉండాదప్పా. పాలు తాగే పిల్లప్పుడు నా సంకలో పెట్టి పోయినాది. ఇప్పుడు గట్టు మీద నిలబెట్టి, అదిగోనే మీయమ్మ అని దూరంనుంచి చూపించుకొస్తాండా.”

ఊరి పేరు, కోడలి పేరు చెప్పింది. ఆమె నోటివెంట పేరు పూర్తిగా రాకముందే నా చెయ్యి ట్రే మీదికి పోయింది. కొంచెం వెనక్కి జరిగినా ఉంది చీటీ.

“లేదు” అన్నాను.

“సరిగ్గా చూడప్పా.”

“చూశానమ్మా. అలాంటి పేరు మా దగ్గర లేదు.”

ఆమె మూట భుజాన సర్దుకుని వెళ్లిపోయింది. నాకు చీమకుట్టినట్టయినా లేదు. మూడు వారాల కింద ఆ పేరు చీటీని నా చేత్తోనే దారానికి గుచ్చానన్నది గుర్తే రాలేదు. గుచ్చుతున్నప్పుడు చదివితే కదా గుర్తుండటానికి! నా కళ్లముందు అప్పుడు కర్నూలు బస్సు తప్ప ఇంకేమీ లేదు.

శనివారం మళ్లీ వచ్చింది. అదే రోజు పెద్దాయన జ్వరం తగ్గి, గోడ పట్టుకుంటూ వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ముసలామె మళ్లీ అదే పేరు చెప్పింది, నేను మళ్లీ అదే మాట అన్నాను. ఈసారి గొంతు పెంచాను. “ఎన్నిసార్లు చెప్పాలమ్మా? లేదంటే లేదు!”

“యాల లేదంటావు?” ఆమె గొంతు నాకంటే పెద్దది. “అయిదేండ్లు నెలనెలా ఈడికొచ్చి మాత్రలు తెచ్చుకున్నెది గాలిలోంచి తెచ్చుకున్నెదా? నువ్వు కాయితమిచ్చేదాకా నేను ఈడ్నించి లేయను. ఏం చేస్తావో చెయ్!” అని వరండా బండల మీద చతికిలబడి, మూట విప్పి రొట్టె తుంచుకోవడం మొదలుపెట్టింది.

నాకు తిక్కరేగింది. నోరు తెరవబోతే పెద్దాయన చెయ్యెత్తాడు.

“గమ్మునుండప్పా. యాడ చూసినావు?”

“ట్రేలో. లేదు చీటీ ఉంది సాబ్.”

“బీరువా చూసినావా?”

“లేదు చీటీ ఉంటే బీరువా ఎందుకు చూడాలి? మీరే కదా నేర్పింది!” అన్నాను తలెగరేసి. ఆ ఎగరేసిన తల తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆయన లేచి, ఆ నీరసంలోనే బీరువాకు భుజం పెట్టబోతే నేనే పోయి తోశాను. ఊరి అట్ట తీశాడు. దారానికి అన్నిటికన్నా పైన ఉంది చీటీ, కొత్త కాగితం, ఆయన రాత. దానికి నేను వేసిన ముడి, నా చేతి తొందర ముడి. చీటీ నా కళ్ల ముందు ఆడించి, “మరి ఇదేంది?” అన్నాడు.

చీటీ అందుకోబోయాను. ఇంతలోనే ఆయన నంబర్ల పుస్తకం తిప్పుతున్నాడు. ఆ నంబరు ఎదురుగా వేలు ఆగింది. కొట్టేసిన గీత ఒక్కటి. పక్కన ఏమీ లేదు. ఆయన తలెత్తి, “కాల్చే జాబితా ఎప్పుడు రాసినావు?” అని మెల్లగా అడిగాడు.

“నిన్న.”

“ఈ నంబరు రాసినావా?”

రాశాను. గీతల్లేని నంబర్లన్నీ వరసగా ఎత్తి రాశాను. ఇది కూడా అందులో ఉంది. గోడ గడియారం చూశాను. పది దాటింది. తోటమాలి తొమ్మిదింటికే నిప్పు పెడతాడు.

ఎలా పరిగెత్తానో తెలియదు. ఒక చెప్పు వరండాలోనే పడిపోయింది. వంటింటి వెనక గుంత దగ్గర పొగ సన్నగా లేస్తోంది. తోటమాలి బకెట్టుతో నీళ్లు చల్లుతున్నాడు. గుంతలో నల్లటి రేకులు తప్ప ఏమీ లేవు. అయిదేళ్ల మాత్రలు, అయిదేళ్ల గాజుపలకలు, నడిచొచ్చిన దారులన్నీ ఆ బూడిదే అనుకున్నాను. ఫైలు లేకపోతే డాక్టరమ్మ దేన్ని చూసి రాస్తుంది? మళ్లీ మొదటినుంచి పరీక్షలంటే నెలలు పడుతుంది. సోమవారానికి రెండు రోజులే ఉంది. గట్టు మీద నిలబడ్డ పిల్ల నా కళ్లకు కట్టింది. దుఃఖం వచ్చింది, దాన్ని కోపం చేసుకుని ఆ అమాయకుడి మీద పడ్డాను.

“అన్నీ కాల్చేశావా? ఒక్కటైనా మిగిల్చావా? కళ్లున్నాయా నీకు!” నంబరు చెప్పి అరిచాను.

అతను బకెట్టు కింద పెట్టి, నడుంలోంచి జాబితా తీసి, నిదానంగా వేలితో వెతికాడు. ఆ నిదానానికి నా ప్రాణం పోతోంది.

“ఈ నంబరు కాల్చలేదు సామీ.”

“ఏం? జాబితాలో ఉంది కదా!”

“ఉండాది. ఆ తావులో చెక్క ఉన్నెది. చెక్క ఉంటే ముట్టొద్దని పెద్ద సాబు చెప్పినాడు గదా. అందుకని ముట్టలే.”

చెక్క! ఎవరైనా ఫైలు చదవడానికి తీసుకుపోతే, ఆ ఖాళీలో పెద్దాయన ఒక చెక్కముక్క పెట్టేవాడు. ఫైలు ఎవరి చేతిలోనో ఉందని గుర్తు. దానికి కట్టిన దారం రంగును బట్టి ఎవరి చేతిలో ఉందో తెలుస్తుంది. ఎవరో చదువుతున్న ఫైలుకు బీరువాలో పేరున్నా లేకపోయినా సరే, వాళ్లు చదివి తిరిగిచ్చేదాకా దాన్ని కాల్చడానికి వీల్లేదు. మళ్లీ గదిలోకి పరిగెత్తి బండల మధ్య చెయ్యి పెట్టాను. చెక్క పక్కకు ఒరిగి ఉంది. ఎర్ర దారం. లేడీ డాక్టరమ్మ.

డాక్టరమ్మ గదిలో బల్ల మీద, కాగితాల మీద పెట్టే గాజుముక్క కింద, ఆ ఫైలు తెరుచుకునే ఉంది. అంత మామూలుగా, ఏమీ జరగనట్టు. నేను గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లొచ్చాయి, రెండూ ఒకేసారి. అమ్మయ్య అని పైకే అనేశాను. డాక్టరమ్మ కళ్లద్దాల మీదుగా చూసి, “ఏమప్పా, ఒక చెప్పు ఏమాయె?” అంది.

జరిగింది చెప్పాను, ఏదీ దాచలేదు. ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. ఆఖరి పరీక్ష కూడా శుభ్రంగా ఉందనీ, ఫైలు మీది పేరు తనది కాదని ఆమె చెప్పడంతో కాగితం ఏ పేరుతో రాయాలో తేలక మూడు రోజులుగా ఫైలు పక్కన పెట్టుకున్నాననీ చెప్పింది. “మీ సాబ్ ఉంటే అడుగుదామనుకున్నా” అంది. ఆమెకు తేలక ఆగడం వల్ల నేను బతికిపోయాను. సొంత పేరు చెప్పాను. రాసి, సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చింది. ఫైలు చంకలో పెట్టుకుని, ఆ రెండు వాక్యాల కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని వచ్చాను.

ముసలామె ఇంకా అక్కడే కూర్చుని ఉంది. నేను ఆమె ముందు కింద కూర్చున్నాను. కాగితం చేతికిచ్చి, “తప్పు నాదమ్మా. పేరు ఉంది. నేనే లేదన్నాను. క్షమించు” అన్నాను.

ఆమె కాగితాన్ని తిప్పి తిప్పి చూసింది. చదువు రాదు. ముద్ర మీద మాత్రం వేలు పెట్టి చూసుకుంది. “ఉండాదంటివి గదా, ఇంగ చాలు. మళ్లా లేదనొద్దు” అంది. కోపమంతా ఎక్కడికి పోయిందో!

కాగితం ముట్టినట్టు పుస్తకంలో వేలిముద్ర వేయించుకోవాలి. పుస్తకం తెచ్చి, కలం తెరిచి, “నీ పేరు చెప్పమ్మా, రాసుకుంటాను” అన్నాను.

చెప్పింది. నా కలం ఆగిపోయింది.

ఫైలు నా ఒళ్లోనే ఉంది. దాని అట్ట మీద, అయిదేళ్ల కింద పెద్దాయన రాసిన అబద్ధం పేరు, నేను బస్సు తొందరలో లాగేసిన పేరు, ఈమె పేరే. కోడలు తన అత్త పేరు చెప్పి లోపలికొచ్చింది. అయిదేళ్లూ ఆ పేరుతోనే మందు తింది.

నేను పెద్దాయన వైపు చూశాను. ఆయన కూడా విన్నాడు. దాచుకున్న పేరు ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకూడదన్నది ఆ గదిలో అన్నిటికన్నా పెద్ద కట్టుబాటు. నోరు ఆగని నేను జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాను. ఆయన కాసేపు గడ్డం నిమురుకుని, “చెప్పు కర్నూలప్పా” అన్నాడు. “ఆ పేరు ఈమెదే గదా. ఈమె పేరు ఈమెకు చెప్తే తప్పేముండాది?”

చెప్పాను. ఆమెకు వెంటనే అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను.

“ఆ పొద్దు నేను గేటు బయట, చింతచెట్టు కింద బిడ్డనెత్తుకుని నిలబడినా” అంది చివరికి. “లోపల ఏం చెప్పినాదో నాకేం తెలుసు... మరి డాక్టరమ్మ నా పేరు పెట్టి పిలిస్తే పలికిందా అది?”

“పలికిందమ్మా. నెలనెలా.”

“ఓసి దీని యవ్వారం!” అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. భుజాలు మాత్రం అదురుతున్నాయి. “నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లంతా సచ్చి ఎన్నేండ్లాయనో. అత్తా, అవ్వా అంటారే గానీ... నాకే మరుపొచ్చినాది. ఈడ నెలనెలా పిలిచినారా నన్ను!”

తర్వాత కళ్లు తుడుచుకుని, “ఆ పేరు ఇంగ దానికి అక్కరలేదు గదా. యాడ పెట్టినావు?” అని అడిగింది. లేచి పోయి సొరుగు లాగాను. డబ్బాలో వేయడం మరిచిపోయిన చీటీ అలాగే ఉంది. పెద్దాయన తలూపాడు. ఆమె ఆ చీటీని కాగితం మడతలో పెట్టి, రెండూ కలిపి కొంగున ముడేసుకుని, మధ్యాహ్నం బండికి పోయింది. ఆమె అటు పోగానే నేను ట్రేలోంచి ‘లేదు’ చీటీ తీసి ముక్కలు ముక్కలు చేశాను. నంబర్ల పుస్తకంలో గీత గీశాను. పెన్సిల్ ముల్లు విరిగేంత గట్టిగా గీశాను. పెద్దాయన, “కాయితం చినుగుతాదప్పా” అన్నాడు, అంతే. ఆ రాత్రే నా భార్యకు ఉత్తరం రాశాను, నేను పనిచేసేది ఎలాంటి ఆస్పత్రో దాచకుండా.

సోమవారం గడిచింది, మంగళవారం గడిచింది. ఏమైందో తెలియక నాకు అన్నం సయించలేదు. గురువారం పుండ్లకు కట్టు కట్టే రోజు. వరండాలో జనం వరసగా కూర్చుంటారు. నేను చీటీ చూసి పేరు పిలిస్తే ఒక్కొక్కరు లోపలికి పోవాలి. వరస చివర ముసలామె కనబడింది. ఆమె పక్కన కాలికి గుడ్డ చుట్టుకున్న కోడలు. ఇద్దరి మధ్య ఒక పిల్ల, తల్లి ఒళ్లో సగం, అవ్వ ఒళ్లో సగం వాలి, బెల్లం ముక్క చప్పరిస్తోంది. నేను ఎవరినీ ఏమీ అడగలేదు. అడగాల్సిన పని లేదు.

వాళ్ల వంతు వచ్చింది. నేను చీటీ తీసి, కోడలి పేరు, ఆమె సొంత పేరు, గట్టిగా పిలిచాను. ఆమె కదల్లేదు. అయిదేళ్లుగా వేరే పేరుకు పలికిన మనిషి, ఇంకెవరినో అన్నట్టు అటూ ఇటూ చూస్తోంది. మళ్లీ పిలిచాను. అప్పుడు ముసలామె ఆమె డొక్కలో మోచేత్తో పొడిచింది.

“నిన్నేనే పిలుస్తాండేది. నా పేరు నాకొచ్చేసినాది గదా. పలుకు.”

కోడలు బిడ్డను పట్టుకునే లేచి నిలబడింది.

“ఆ సామీ, ఈడ్నే ఉండా” అంది.